ముద్రకుండ మహిమ

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న ఆఫీసు ఉండేది. అడవిలో పులులూ ఏనుగులూ ఉంటాయని ఎవరైనా చెబుతారు, అందుకని నేను ఆఫీసు సంగతే చెబుతాను. దాని పేరు పాల పరిశుభ్రతా పర్యవేక్షణ కార్యాలయం. అడవి ప్రజలు తాగే పాలూ, తినే ఐస్‌క్రీమూ మంచివో కాదో చూడటం దాని పని. పేరు పొడవై బోర్డులో పట్టక, చివరి రెండక్షరాలు పక్కనున్న మద్దిచెట్టు మొదట్లో రాశారు.

ఆ ఆఫీసుకి మొదట్లో పరదేశి అనే పిల్లి అధికారిగా ఉండేవాడు. పాల గురించి పిల్లికి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుందని అడవి సభవారే ఏరికోరి వేశారు. పరదేశి రోజూ పొద్దున్నే కుండల దగ్గరికి వెళ్ళి ప్రతి కుండలోనూ మూతి పెట్టేవాడు. నచ్చితే గిన్నెడు తాగి, మీసాలు నాక్కుని, "పోనివ్వండి" అనేవాడు. నచ్చకపోతే మొహం అటు తిప్పుకుని, కుండను వెనక కాలితో ఒక్క తన్ను తన్నేవాడు.

అయిదేళ్ళు ఇలాగే నడిచింది. ఒకనాడు సభకు ఆకాశరామన్న ఉత్తరం ఒకటి వచ్చింది. 'పాలు తనిఖీ చెయ్యాల్సిన అధికారి పాలు తాగుతున్నాడు' అని అందులో ఉంది.

సభ అట్టుడికిపోయింది. అధ్యక్షుడు ఏనుగు కరివరదయ్య తొండం బల్లకేసి కొట్టాడు.

"పరదేశీ, ఇది నిజమేనా?"

"నిజమేనండి. తాగకుండా ఎట్టా తెలుస్తదండి?"

"అయితే రోజూ తాగాలా?"

"రోజూ కొత్త పాలు కదండి మరి!"

జవాబు అంత సూటిగా ఉండటం సభకు నచ్చలేదు. సాయంత్రానికల్లా పరదేశి ఉద్యోగం ఊడింది. అవినీతి మళ్ళీ తలెత్తకుండా సభవారు ఒక నిబంధన కూడా చేశారు. ఇకమీదట తనిఖీ అధికారి పాలకుండ మూత తియ్యకూడదు. మూత మీద ముద్ర సరిగ్గా ఉందో లేదో చూసుకుంటే చాలు. ఈ సంస్కరణకు అందరూ చప్పట్లు కొట్టారు. నేను అక్కడుంటే నేనూ కొట్టేవాణ్ణేమో, చెప్పలేను.

కొత్త అధికారిగా కొంగ ధవళరావు వచ్చాడు. ఒంటి మీద చిన్న మచ్చ లేదు. పాలు ముట్టడు. ఎవరేం చెప్పినా ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు సగం మూసుకుని వింటాడు. చూసినవాళ్ళందరూ ఇన్నాళ్ళకి ఒక నిజాయితీపరుడు దొరికాడని మురిసిపోయారు.

అడవి మొత్తానికి ఐస్‌క్రీం చేసేవాడు ఒక్కడే, అడవిపంది వరాలయ్య. బర్రెల మంద దగ్గర పాలు పోయించుకునేవాడు. ఉత్తరపు కొండ గుహలోంచి మంచుగడ్డలు తెచ్చుకునేవాడు. పుల్ల ఐస్ చేసి, బండిలో వేసుకుని, గంట వాయించుకుంటూ చెట్టు చెట్టుకూ తిరిగేవాడు. ధవళరావు ఉద్యోగంలో చేరిన రోజున వరాలయ్య వెన్న తేలే పాలు ఒక కుండ నిండా తెచ్చి ఆయన ముందు పెట్టాడు. ధవళరావు ఆ మూత చుట్టూ లక్క పోసి, వేడి లక్క మీద తన కాలు అద్ది ముద్ర వేసి, పక్కన 'ఉత్తమం' అని రాశాడు.

అప్పటినుంచి పదిహేను రోజులకోసారి తనిఖీ జరిగేది. ధవళరావు వస్తాడు, అదే కుండ చూస్తాడు, ముద్ర పగల్లేదని పుస్తకంలో రాస్తాడు, వెళ్ళిపోతాడు.

వరాలయ్యకి మొదట్లో ఏ దురాలోచనా లేదు, పాపం. ముద్ర ఒక కుండకి ఉంటే చాలని అర్థమయ్యాక, మిగతా కుండలు తోమడం అనవసరమనిపించింది. తోమడం మానేశాక పాలు కాచడం కూడా దండగనిపించింది. ఆ తర్వాత పాలు చాలని రోజున, తను పొర్లాడే బురదగుంటే దగ్గర్లో ఉంది గనక అందులోంచి రెండు చెంబులు కలిపాడు. ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు నాలుగు కలిపాడు.

ముద్రకుండని మాత్రం కళ్ళలో పెట్టుకుని చూసుకున్నాడు. ఎత్తుపీట మీద పెట్టి, పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, అగరొత్తులు వెలిగించేవాడు. అగరొత్తులు మొదట్లో భక్తి కోసం. ఆర్నెల్లు పోయాక వాసన కోసం.

ఇలా ఏణ్ణర్ధం గడిచింది.

ఆ అడవిలోనే ఒక తెల్లమద్ది తొర్రలో తాయారు అనే ఉడత నలుగురు పిల్లలతో ఉండేది. ఎండాకాలం. బండి గంట వినబడగానే నలుగురూ చెట్టు దిగి పరిగెత్తి తలో ఐస్ తిన్నారు. సాయంత్రానికి నలుగురికీ కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు. ముగ్గురు మూడు రోజులకి తేరుకున్నారు. ఆఖరివాడు గింజ తేరుకోలేదు. వాడికి నీళ్ళు కూడా ఇమడటం లేదు.

"అమ్మా, తోక బరువుగా ఉందే" అన్నాడు పదో రోజున.

ఉడతకి తోక బరువనిపించడమంటే ఏమిటో ఉడతలకే తెలుస్తుంది. తాయారు భయపడింది. అంతకన్నా భయం వేసిందెప్పుడంటే, మర్నాడు కింద గంట మోగినప్పుడు. తల ఎత్తలేని గింజ లేచి కూర్చుని, "ఐస్ అమ్మా" అన్నాడు.

బండి రోజూ వస్తుంది. గంట రోజూ మోగుతుంది. వీణ్ణి ఎన్నాళ్ళని పట్టుకుని కూర్చుంటుంది? మిగతా ముగ్గురినీ ఎలా ఆపుతుంది? ఆ ఐసన్నా బాగుపడాలి, ఆ గంటన్నా ఆగాలి అనుకుని తాయారు ఆఫీసుకి వెళ్ళింది.

ధవళరావు ఒంటికాలి మీద నిలబడి విన్నాడు.

"అయ్యగారూ, వరాలయ్య ఐస్ తిని మా పిల్లలు పడిపోయారండి. చిన్నోడికి పదకొండు రోజులైంది."

"శాంపిల్ తెచ్చావా?"

"పిల్లలు తినేశారండి. మిగిల్తే కదండీ తేవడానికి?"

"అంటే శాంపిల్ పిల్లాడి కడుపులో ఉంది."

"అవునండి."

"కడుపుకి ముద్ర ఉందా?"

ధవళరావు జాలిగా పుస్తకం తెరిచి చూపించాడు.

"చూడమ్మా, మొన్ననే తనిఖీ చేశాను. వరాలయ్య ముద్రకుండ చెక్కుచెదరలేదు. కాబట్టి ఆయన పాలు మంచివి. కాబట్టి నీ పిల్లవాడు ఐస్ వల్ల జబ్బుపడే అవకాశం లేదు. పచ్చి మామిడిపిందెలేమైనా తిన్నాడేమో కనుక్కో."

"మా చెట్టు చుట్టుపక్కల మామిడిచెట్టే లేదండి!"

"మరింకేం, ఎక్కడో తిని వచ్చుంటాడు" అని ధవళరావు పుస్తకం మూసేశాడు.

తాయారు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ వాగు దారిన వస్తోంది. వాగు ఒడ్డున రాతి మీద పరదేశి చేపల కోసం కాచుకుని కూర్చున్నాడు. ఉద్యోగం పోయాక బాగా చిక్కిపోయాడు. సంగతంతా విని, "ఆ ఐసు పుల్ల ఏదన్నా ఉంటే తీసుకురా చెల్లెమ్మా" అన్నాడు.

గింజ చప్పరించి దాచుకున్న పుల్ల తొర్రలో ఉంది. తాయారు తెచ్చి ఇచ్చింది. పరదేశి ఒక్కసారి వాసన చూసి తుమ్మాడు.

"బురదగుంట నీళ్ళు. తోమని కుండ. పాలు మూడు పూటల నాటివి."

"పుల్ల వాసనతో ఇదంతా తెలిసిపోయిందా అన్నా?"

"నేను దొంగనే చెల్లెమ్మా, కాదన్లేదు. కాని అయిదేళ్ళలో పాడైపోయిన పాలు ఒక్క గుక్క దొంగిలించలేదు." పుల్ల వాగులో పారేశాడు. "ముందు పిల్లోడి సంగతి చూడు. నీళ్ళు కాచి చల్లార్చి, చిటికెడు ఉప్పు, కాస్త బెల్లం కలిపి చుక్క చుక్కా పొయ్యి. వాంతైనా సరే, కాసేపాగి మళ్ళీ పొయ్యి. మానకు. ఎలుగుబంటి వైద్యుణ్ణి కూడా పిలు."

"మరి ఆ ముద్రకుండ సంగతేమిటన్నా? అదంటే ఆయనకి అంత నమ్మకం!"

పరదేశి నవ్వాడు. "అది నా ఉద్యోగం పోయిన వారం ముద్ర వేసిన కుండ. ఇప్పటికి ఏణ్ణర్ధం. దాన్ని ఎవరూ తెరవలేదు, ఎవరూ తెరవరు. ఆ పాలు ఇప్పుడు ఏ రంగులో ఉన్నాయో తలుచుకుంటే నాకు మూడు రోజులు ఆకలి వెయ్యదు."

ఉప్పు బెల్లం నీళ్ళు పన్నెండో రోజుకి గింజకి కాస్త ఇమిడాయి. అదే రోజున రాజుగారి పట్టాభిషేకపు పాతికేళ్ళ పండుగ.

రాజుగారంటే సింహమే, అందులో మార్పేమీ లేదు. విందులో రాజుగారికి ఐస్‌క్రీం పెట్టే భాగ్యం వరాలయ్యకి దక్కింది. అది నచ్చితే 'ఆస్థాన ఐస్‌క్రీం' అన్న బిరుదు ఇస్తారు. వరాలయ్య తెలివితక్కువవాడు కాదు. అడవిలో అమ్మే ఐస్ రాజుగారికి పెడితే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. అందుకని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కొత్త కుండ కొన్నాడు. ఇసకతో తోమాడు. తెల్లవారుజామున పిండిన పాలు దగ్గరుండి కాచాడు, వడగట్టాడు, చల్లార్చాడు. ఆ రోజు అతని పాలు నిజంగా అమృతంలా ఉన్నాయి.

ఆ కుండ నెత్తిన పెట్టుకుని రాజద్వారం దగ్గరికి వచ్చాడు. అక్కడ తనిఖీకి ధవళరావు నిలబడి ఉన్నాడు. పండుగ చూడటానికి అడవంతా వచ్చింది. ఎలుగుబంటి వైద్యుణ్ణి గింజ దగ్గరికి పిలుచుకుపోదామని తాయారు కూడా వచ్చింది.

"ముద్ర ఏదీ?" అన్నాడు ధవళరావు.

"ఇవి పొద్దుటి పాలు సార్. ఇంకా ముద్ర పడలేదు. కావాలంటే మూత తీసి చూడండి, ఎంత బాగున్నాయో!"

ధవళరావు రెండడుగులు వెనక్కి వేశాడు. "మూత తియ్యమంటావా? నన్నేమన్నా పరదేశి అనుకున్నావా?"

"పోనీ, మూత తియ్యకుండానే ముద్ర కొట్టెయ్యండి సార్. వేళ మించిపోతోంది" అన్నాడు వరాలయ్య గొంతు తగ్గించి. ధవళరావు అటూ ఇటూ చూసి, సంచిలోంచి లక్క తీశాడు.

తాయారుకి ఒళ్ళు మండిపోయింది. ద్వారం మీదకి ఎక్కి గట్టిగా అరిచింది.

"అయ్యగారూ! ఉత్తమం అని మీరు రాసిన కుండ వరాలయ్య ఇంట్లో పూజలందుకుంటుంటే, ముద్ర లేని పాలు రాజుగారికెందుకండి? మా పిల్లలకే ఆ ముద్ర చాలన్నారే! రాజుగారికి అంతకన్నా తక్కువ పాలు పోస్తారా?"

జనం గుసగుసలాడారు. "నిజమేగా" అంది ఒక కుందేలు. "రాజుగారంటే లెక్కలేదా?" అంది ఇంకో గొంతు. ధవళరావు లక్క సంచిలో పెట్టేసి మెడ నిటారుగా ఎత్తాడు.

"వరాలయ్యా, ముద్రకుండ తీసుకురా."

వరాలయ్య మొహం పాలిపోయింది. "అది... అది పూజలో ఉందండి."

"పూజలో ఉన్నది రాజుగారికి మరీ మంచిది."

"ఈ పాలే బాగున్నాయి సార్! నా మాట నమ్మండి. నేను అబద్ధాలాడతాను గాని, ఇప్పుడాడటం లేదు!"

"ముద్ర లేని పాలు బాగుండటానికి వీల్లేదు" అన్నాడు ధవళరావు.

వరాలయ్య ఇక ఒక్క మాట చెబితే గట్టెక్కేవాడు. ఆ కుండలో పాలు ఏణ్ణర్ధం నాటివని చెప్పాలి. అది చెబితే, మరి ఇన్నాళ్ళూ పిల్లలు తిన్నదేమిటన్న ప్రశ్న వస్తుంది. తల వంచుకుని ఇంటికి వెళ్ళి, దండ తీసి, ముద్రకుండ తెచ్చాడు.

తాయారు అనుకున్నది వేరు. అందరి ముందూ నిలదీస్తే వరాలయ్య నిజం ఒప్పుకుంటాడనుకుంది. కుండ నిజంగానే లోపలికి పోతుంటే కంగారు పడిపోయింది.

"వద్దండీ! ఆ పాలు ఏణ్ణర్ధం నాటివి! రాజుగారికి పెట్టకండి!"

"ముద్ర ఉంది కదమ్మా" అన్నాడు ధవళరావు చిరాగ్గా. "ఇందాక ముద్ర కావాలన్నావు, ఇప్పుడు వద్దంటున్నావు. మీకు ఏం చేసినా తప్పే!"

రాజుగారి వంటగదిలో వరాలయ్య ముక్కు గట్టిగా మూసుకుని ముద్ర పగలగొట్టాడు. యాలకులు వేశాడు, కుంకుమపువ్వు వేశాడు, పచ్చకర్పూరం వేశాడు, తేనె రెండు పట్లు పిండాడు. గులాబీ రేకులు పైన కప్పి, మంచుగడ్డల మధ్య గట్టిపరిచి, కళ్ళు మూసుకుని పంపించాడు.

రాజుగారు ఒక చెంచా తిని ఆగారు.

"పుల్లగా ఉందేం?"

"అడవి రేగుపళ్ళ రుచి ప్రభూ, కొత్త రకం" అన్నాడు వరాలయ్య.

"ముద్ర పడిన పాలు ప్రభూ" అన్నాడు ధవళరావు.

"ఓహో, అద్భుతం!" అంది సభ. ఒక్కరూ రుచి చూడలేదు. రాజుగారు నలుగురి ముందూ బాగుండదని మూడు గిన్నెలు తిన్నారు.

ఆ సాయంత్రం నుంచి మూడు రోజులు రాజుగారు సింహాసనం ఎక్కలేదు. మంచానికీ వెదురుపొదకీ మధ్య గడ్డి మాత్రం పూర్తిగా అణిగిపోయింది. ఎలుగుబంటి వైద్యుడు అటు గింజ దగ్గరికీ ఇటు రాజుగారి దగ్గరికీ పరుగులు పెట్టాడు.

సభ విచారణ జరిపింది. మూడో రోజు కరివరదయ్య రాజుగారి మంచం పక్కన నిలబడి నివేదిక చదివాడు.

"ముద్ర పగలకుండా ద్వారం దాటింది గనక పాలు మంచివే. పాలు మంచివి గనక ఐస్‌క్రీం మంచిదే. ఐస్‌క్రీం మంచిది గనక, లోపం ఏలినవారి కడుపులో ఉన్నట్టు సభ ఏకగ్రీవంగా భావిస్తోంది. ఏలినవారి కడుపుకి ఇంతవరకు ఎవరూ ముద్ర వెయ్యకపోవడం విచారకరం."

రాజుగారు గర్జించబోయారు. సగంలో ఆపి వెదురుపొదకి వెళ్ళొచ్చారు. వచ్చి, నీరసంగా అడిగారు.

"ఆ రోజు ద్వారం దగ్గర వద్దు వద్దని అరిచిందెవరు?"

తాయారుని పిలుచుకొచ్చారు. రాజుగారు అందర్నీ బయటికి పొమ్మన్నారు.

"నీకెలా తెలుసు?"

"మా చిన్నోడు పన్నెండు రోజులు అనుభవించాడండి. వాడు తిన్నది ఆ ముద్ర పేరు చెప్పి అమ్మే ఐసే. కుండ సంగతి పరదేశి చెప్పాడు."

"పన్నెండు రోజులా?" రాజుగారు పంజాతో కడుపు నిమురుకున్నారు. "బొడ్డు దగ్గర బట్ట పిండినట్టు ఉంటుందా?"

"ఆ మాటే అన్నాడండి వాడు."

"కాసేపాగి, తగ్గిందనుకోగానే మళ్ళీ వస్తుంది."

"అవునండి. అప్పుడే ఏడ్చేవాడు."

"నేనూ ఏడ్చాను" అన్నారు రాజుగారు మెల్లగా. "ఎవరికీ చెప్పకు. వాడెంత ఉంటాడు?"

తాయారు ముందు కాళ్ళు రెండూ దగ్గర పెట్టి చూపించింది. రాజుగారు ఆ కాస్త ఖాళీ వంకే చూస్తూ ఉండిపోయారు. మూడు రోజులుగా ఆయన తన కడుపు గురించే ఆలోచిస్తున్నారు. ఆ ఖాళీలో పట్టేంత కడుపు ఆ నొప్పిని ఎలా ఓర్చుకుందో ఆయనకి అంతు చిక్కలేదు.

"ఏం కావాలో అడుగు."

"పరదేశిని మళ్ళీ ఉద్యోగంలో వెయ్యండి ప్రభూ."

తలుపు వెనక నిలబడి వింటున్న కరివరదయ్య ఉండబట్టలేక లోపలికి వచ్చేశాడు. "వాడు దొంగ! పాలు తాగేస్తాడు!"

"అందుకేనండి" అంది తాయారు.

రాజుగారు నవ్వబోయి, కడుపు పట్టుకుని, సరే అన్నట్టు తల ఊపారు.

మర్నాటి నుంచి వరాలయ్య బండి కదలాలంటే పరదేశి అన్ని కుండల్లోనూ మూతి పెట్టాలి. వరాలయ్య మొదటి రోజు తెలివిగా ఒక చిన్న కుండలో విడిగా పాలు తెచ్చాడు, మీగడ వేలెడు మందాన కట్టి ఉంది.

"ఇది మీకోసం పరదేశి గారూ. ఆ కుండలు చూడ్డం ఎందుకు, శ్రమ!"

పరదేశి ఆ పాలు అడుగంటా తాగాడు. మీసాలు నాక్కున్నాడు. లేచి బండిలోని మొదటి కుండ దగ్గరికి వెళ్ళి వాసన చూసి, వెనక కాలితో తన్నాడు. రెండోదీ తన్నాడు. నాలుగు రోజులు ఇదే వరస. నాలుగు రోజులూ లంచం తాగాడు, కుండలు దొర్లించాడు, బండి ఖాళీగా ఇంటికి పోయింది. అయిదో రోజు వరాలయ్య వేరే దారి లేక అన్ని కుండల్లోనూ లంచం పాలే పోశాడు. బురదగుంట అప్పటినుంచీ అతని స్నానానికే మిగిలింది.

ధవళరావుని శిక్షించాలని చూశారు గాని నిబంధన దొరకలేదు. ఆయన ఏ ఒక్క తప్పూ చెయ్యలేదు, అన్నీ నిబంధన ప్రకారమే చేశాడు. అందుకని పై పదవి ఇచ్చి ముద్రల సంరక్షణ విభాగానికి పంపారు. ఇప్పుడక్కడ ఖాళీ కుండలకి ముద్రలు వేసుకుంటున్నాడు. ఇంతవరకు ఒక్క ఫిర్యాదు రాలేదని చెప్పుకుంటాడు, నిజమే కూడా.

నెల తిరక్కుండా ఒక పొద్దున్న తెల్లమద్ది కింద గంట మోగింది. తోక నిటారుగా ఎత్తుకుని గింజ అందరికన్నా ముందు దిగాడు. బండి దగ్గరికి వెళ్ళలేదు. బండి వెనకాల బొజ్జ ఊపుకుంటూ వస్తున్న పరదేశి దగ్గరికి వెళ్ళాడు.

"మావయ్యా, ఇవాళ తాగావా?"

"గిన్నెడు తాగానురా."

"ఏ కుండలో?"

పరదేశి పంజా ఎత్తి చూపించాడు. గింజ ఆ కుండ ఐసే అడిగి కొనుక్కున్నాడు. పైన తాయారు చేతిలో పని ఆపి కిందికి చూసింది. మళ్ళీ తన పనిలో పడింది.

నీతి: పాలు కొనేటప్పుడు మూత మీద ముద్ర చూడకండి, దొంగవాడి మీసాలు తడిగా ఉన్నాయో లేదో చూడండి.